క్రమక్షయం: ఒక పాత వాహనం, ఒక పరీక్షాక్రమం

ఆకస్మికంగా కలిగే నష్టం తనను తానే ప్రకటించుకుంటుంది. వాహనం నడిబాటలో ఆగిపోతే కారణం వెదకనివాడు ఉండడు. రోజుకు రేణువంత చొప్పున జరిగే నష్టానికి అటువంటి ప్రకటన లేదు. నిన్నటికీ నేటికీ భేదం తోచదు, నేటికీ రేపటికీ తోచదు. కొన్ని సంవత్సరాల పిమ్మట చూస్తే శక్తి చాలవరకు పోయి ఉంటుంది. అది ఏనాడు పోయినదో చెప్పగలవాడు ఉండడు. యంత్రం విషయంలోనూ, సాధన విషయంలోనూ ఈ క్రమక్షయమే ఎక్కువ ప్రమాదకరం.

ఉన్న వస్తువు ఎందుచేత గోచరించదు అనే ప్రశ్నకు సాంఖ్యకారికలలో ఈశ్వరకృష్ణుడు ఎనిమిది కారణాలు పరిగణించాడు: అతిదూరం, అతిసామీప్యం, ఇంద్రియలోపం, మనస్సు అన్యత్ర ఉండటం, సూక్ష్మత్వం, అడ్డు ఉండటం, ప్రబలమైన మరొక వస్తువు కప్పివేయడం, సజాతీయ వస్తువులలో కలిసిపోవడం. వీటిలో అతిసామీప్యం విచిత్రమైనది. కంటికి పెట్టుకున్న కాటుక ఆ కంటికే కనిపించదు.

పరవాడలో నివసించే ఒక విశ్రాంత ఉద్యోగికి 2004 నాటి స్ప్లెండర్ మోటారుసైకిలు ఉన్నది. వంద సి.సి.కి లోపే ఉండే చిన్న ఇంజను. కొత్తలోనే దాని బలం సుమారు 7 హార్స్‌పవర్లు. అందులో ఒక్క హార్స్‌పవర్ తగ్గినా ఏడవ వంతు పోయినట్లే. ఆ వాహనంపై ఆయన ప్రతి శనివారం సింహాచలం వెళ్ళి వరాహలక్ష్మీనృసింహస్వామిని సేవించేవాడు. ఒకప్పుడు ఘాట్ రోడ్డును మూడవ గేరులో ఎక్కిన బండి క్రమంగా రెండవ గేరుకు, ఆపై మొదటి గేరుకు దిగింది. “బండికీ వయస్సు వచ్చింది, నాకూ వచ్చింది” అని ఆయన సమాధానపడి, చివరకు శనివారపు యాత్రనే మానివేశాడు. నిత్యపారాయణ కూడా అదే మాటతో సడలిపోయింది.

రెండేళ్ళ తరువాత ఊరికి వచ్చిన మేనల్లుడు ఆ బండిని లంకెలపాలెం దాకా నడిపి వచ్చి, “మావయ్యా, ఇదేటి, బండి అసలు లాగట్లేదు!” అన్నాడు. నిత్యం నడిపేవాడు చూడలేనిది దూరాన ఉన్నవాడు తొలిచూపులోనే చూశాడు. అతిసామీప్యమే కాక ఇక్కడ మరొక రహస్యం ఉన్నది. బలం తగ్గినకొద్దీ చేయి యాక్సిలరేటర్‌ను కొంచెం ఎక్కువ తిప్పుతూ వచ్చింది. వేగం యథాతథంగా ఉండటంచేత లోపం తెలియలేదు. లోపాన్ని సర్దిన చేయే లోపాన్ని దాచింది.

“బోరు పోయింది, మార్చేయడమే” అని విన్నవారందరూ తీర్మానించారు. ఇది హేతువు లేని నిశ్చయం. ఊరిలోని వృద్ధ మెకానిక్ మాత్రం, “ముందు చక్రం తిప్పి చూద్దాం బాబూ, బోరు ఎక్కడికీ పారిపోదు” అన్నాడు. శాస్త్రంలో స్థూలారుంధతీ న్యాయం అని ఒకటి ఉన్నది. సూక్ష్మమైన అరుంధతిని చూపదలచినవాడు ముందు సమీపంలోని పెద్ద నక్షత్రాన్ని చూపుతాడు. మెకానిక్ అనుసరించినది ఆ క్రమమే.

ముందుగా ఇంజనుకు వెలుపలి విషయాలు. టైర్లలో గాలి, గొలుసు బిగువు చూశాడు. స్టాండు వేసి వెనుక చక్రాన్ని చేతితో తిప్పితే అర చుట్టుకే ఆగిపోయింది; బ్రేక్ షూలు డ్రమ్మును విడవకుండా రాసుకుంటున్నాయి. ఇంజను ఉత్పత్తి చేసిన శక్తిలో కొంత భాగాన్ని బ్రేకు నిత్యం భక్షిస్తున్నదన్నమాట. తరువాత క్లచ్. ఇంజను శబ్దం పెరుగుతున్నా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నట్లు. ఇక్కడ ఆ దోషం లేదు.

పిమ్మట గాలి, ఇంధనం, నిప్పు. స్పార్క్ ప్లగ్ విప్పితే మొనపై పొడి మసి నల్లగా పేరుకొని ఉన్నది. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువైనదనడానికి అది లింగం. ఎయిర్ ఫిల్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కాంతి దాదాపు రాలేదు. లారీల ధూళి, సముద్రపు తేమ కలిసి దానిని గోడవలె చేశాయి. పొగ విషయంలోనూ ఆయన తొందరపడలేదు. నీలిపొగ ఇంజనాయిలు కాలుతున్నదని తెలుపుతుంది, నల్లపొగ పెట్రోలు ఎక్కువైనదని తెలుపుతుంది. చలి ఉదయాన కనిపించే తెల్లనిది కేవలం ఆవిరి. ఆవిరిని ధూమమని భ్రమించి అగ్నిని అనుమానించడం హేత్వాభాసమని నైయాయికులు ఏనాడో హెచ్చరించారు.

ఆ తరువాత ట్యాపెట్లు. వదులైన ట్యాపెట్ టకటకమని శబ్దం చేస్తుంది గనుక ఎవరైనా గుర్తిస్తారు. బిగుసుకున్న ట్యాపెట్ శబ్దం చేయదు. వాల్వు పూర్తిగా మూసుకోనందున సిలిండరులోని పీడనం జారిపోతూ ఉంటుంది. ఇంజను మాత్రం మునుపటికంటె ప్రశాంతంగా వినిపిస్తుంది. ఈ నిశ్శబ్దాన్నే యజమాని ఆరోగ్యమని భావించి సంతోషించాడు. సాధకులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించవలెను. మనస్సు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన అది శాంతి కానక్కరలేదు, తమస్సు కూడా నిశ్శబ్దమే.

ప్రతి దోషాన్ని సరిచేసిన పిమ్మట బండిని ఒకసారి నడిపి చూచి, ఆ తరువాతనే మరొకదానిని ముట్టుకున్నాడు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది కారణమో తెలియదు. దోషం ఉన్నప్పుడు కార్యం ఉండటం, దోషం పోయినప్పుడు కార్యం పోవడం – ఈ అన్వయవ్యతిరేకాలే కారణనిశ్చయానికి ఆధారం. చివరగా సిలిండరులోని పీడనాన్ని గేజితో కొలిచాడు, అది కొంత తక్కువగా ఉన్నది. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ కొలిచాడు. పీడనం పెరిగింది. నూనె పిస్టన్ రింగుల సందులను తాత్కాలికంగా మూసింది గనుక, మిగిలిన నష్టం రింగుల అరుగుదల వల్లనే. పెరగకపోయి ఉంటే దోషం వాల్వుల వైపు ఉండేది.

ఇప్పుడు విషయం రెండుగా విడిపోయింది. బ్రేకు రాపిడి, ఫిల్టర్ ధూళి, ట్యాపెట్ బిగువు – ఇవి ఆవరణాలు. వీటిని తొలగిస్తే ఉన్న బలమే బయటపడుతుంది, కొత్తగా ఏదీ చేర్చనక్కరలేదు. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలంలో చందనం ఒలిచినప్పుడు దర్శనమిచ్చే నిజరూపం ఆనాడు తయారైనది కాదు కదా! రింగుల అరుగుదల మాత్రం క్షయం, కాలధర్మం. దానికి మరమ్మత్తు ఉన్నది, కాని తొందర లేదు. ఆయిలు మట్టం చూసుకుంటూ మితవేగంతో నడపవచ్చునని నిర్ణయమైనది. ఆవరణాన్ని క్షయమని భ్రమించినవాడు నిరాశతో ప్రయత్నం మానుతాడు. క్షయాన్ని ఆవరణమని భ్రమించినవాడు వ్యర్థప్రయాసతో అలసిపోతాడు. ఈ రెంటినీ వేరుచేసి చూడటమే వివేకం.

బండి ఘాట్ రోడ్డును రెండవ గేరులో ఎక్కుతున్నది; మూడవ గేరు తిరిగి రాలేదు. ఆ పెద్దమనిషి అంతటితో తృప్తిచెంది, అదే పరీక్షను పారాయణకు అన్వయించాడు. గొంతు సన్నగిల్లడం క్షయం, దానిని అంగీకరించాడు. రాత్రి పొద్దుపోయేదాకా ఫోను చూసి తెల్లవారి మగతగా కూర్చోవడం ఆవరణం. ఏకాగ్రత తగ్గిన కాలంలో జపసంఖ్యను పెంచుకుంటూ పోవడం యాక్సిలరేటర్‌ను మరికొంత తిప్పడం వంటిదేనని కూడా గ్రహించాడు. సంఖ్య నిండుతూ ఉండటంచేత శూన్యం తెలియలేదు.

విద్యుత్ కేంద్రాలలో పీడనాన్ని, ఉష్ణోగ్రతను వేళప్రకారం నమోదు చేస్తారు. కంటికి అందని క్రమక్షయం ఆ అంకెలలో పట్టుబడుతుంది. పరవాడలోనే 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్న సింహాద్రి కేంద్రంలో జీవితమంతా అంకెలు వ్రాసిన ఆ ఉద్యోగి, తన బండికీ తన సాధనకూ ఒక్క అంకె వ్రాసుకోలేదు. ఇప్పుడు ప్రతి పౌర్ణమికి ఒక చిన్న పుస్తకంలో రెండు పంక్తులు వ్రాస్తున్నాడు: ఏ మలుపును ఏ గేరులో ఎక్కినది, ఎన్ని శ్లోకాలు మనస్సు చెదరకుండా సాగినవి.

సర్వే జనాః సుఖినో భవంతు.