పంతులుగారి జ్వరం, పంతులమ్మ గొంతు

బడిపంతుళ్ళకు ఉన్నన్ని సెలవులు మరే ఉద్యోగికీ ఉండవన్న మాట తెలుగునాట రచ్చబండ మీదా, బస్సులోనూ, పెళ్ళి పందిట్లోనూ ఎంతో ధీమాగా వినిపిస్తుంది. అనేవారు దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టి, ఏ జూలైలోనో జ్వరంతో మంచమెక్కిన ఉపాధ్యాయుడి రెండు రోజుల్ని కూడా అదే ఖాతాలో వేసేస్తారు. ఆ లెక్క సంఖ్యల్ని చూస్తుందే గాని తేదీల్ని చూడదు. ఏప్రిల్ చివరి వారంలో మూసిన బడి సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటుంది. ఆ వెంటనే తొలకరి, దాని వెనకే దోమలు, వాటి వెనకే విషజ్వరాలు వస్తాయి కనుక, మనిషి గట్టిగా ఉన్న నెలల్లో సెలవులూ, ఒళ్ళు చెడే నెలల్లో పాఠాలూ పడడం ఈ ఉద్యోగానికి రాసిపెట్టి ఉన్నది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వోపాధ్యాయుల సెలవులకు ఆధారం మద్రాసు కాలం నాటి 1933 సెలవు నిబంధనలు, వాటి వెనక నిలిచిన ఫండమెంటల్ రూల్స్. వీటి ప్రకారం విద్యాశాఖలో బడులు వెకేషన్ డిపార్ట్‌మెంటు కిందికి, అంటే ఏటా నిర్ణీత కాలం మూతపడే శాఖ కిందికి వస్తాయి. అందువల్ల ఇతర ఉద్యోగులకు ఏడాదికి 30 రోజులు జమయ్యే సంపాదిత సెలవు ఉపాధ్యాయులకు జనవరిలో మూడు, జూలైలో మూడు, వెరసి 6 రోజులే జమవుతుంది. సి.ఎల్. అని అందరూ పిలిచే ఆకస్మిక సెలవులు 15, ప్రత్యేక ఆకస్మిక సెలవులు 7, మహిళలకు మరో 5 ఉన్నాయి, చిత్రమేమంటే సి.ఎల్. సాంకేతికంగా సెలవు కిందికే రాదు, దాన్ని తీసుకున్న రోజు డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఇక అసలైన జబ్బు సెలవు అర్ధవేతన సెలవు: ఏడాది సర్వీసు పూర్తయితే 20 రోజులు జమవుతాయి, వాడుకున్నన్నాళ్ళూ సగం జీతమే వస్తుంది. వైద్యుని ధ్రువపత్రం జతచేస్తే పూర్తి జీతానికి మార్చుకోవచ్చు, దాన్నే కమ్యుటెడ్ లీవు అంటారు. అయితే అప్పుడు ఖాతాలోంచి రెట్టింపు రోజులు కోసుకుంటారు, మొత్తం సర్వీసులో 240 రోజులకు మించనివ్వరు. అనగా పది రోజుల టైఫాయిడు ఒక ఏడాది సర్వీసు సంపాదననంతా ఊడ్చుకుపోతుంది. వీటన్నిటి నెత్తిన, సెలవును హక్కుగా అడగరాదన్న సూత్రం ఒకటి కూర్చుని ఉంది.

నిబంధన కన్నా బరువైనది అనుమానం. జబ్బు సెలవు అనగానే ఆఫీసులో ఒక చిరునవ్వు పుడుతుంది. కూతురి పెళ్ళికో, ఇల్లు కట్టుకోవడానికో, డిప్యుటేషన్ తప్పించుకోవడానికో మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు లేకపోలేదు కనుక ఆ నవ్వుకు కొంత ఆధారమూ ఉంది, కాని దాని మూల్యం చెల్లించేది నిజంగా వణుకుతున్న మనిషి. అతడు మొదట జబ్బు పడినట్టు ఒక కాగితం, తరువాత బాగుపడినట్టు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అనే మరొక కాగితం తేవాలి. ఒళ్ళు తెలియని జ్వరంలో ఉన్నవాడిని ముందుగా తెలియజేయలేదేమని అడిగితే జవాబు చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు నుంచి ఉపాధ్యాయుల హాజరును ముఖాన్ని గుర్తించే యాప్ తీసుకుంటోంది. ముఖాన్ని పోల్చుకోగల ఆ సాధనానికి ఆ ముఖం మీది జ్వరం మాత్రం ఆనదు. అసలు ఈ అనుమానానికి విత్తనం బడిలోనే పడుతున్నదేమో కూడా ఆలోచించవలసిందే. తెలుగు పిల్లవాడు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మొట్టమొదట కంఠతా పట్టే ఉత్తరం సెలవు చీటీ, అందులో కారణం తరతరాలుగా జ్వరమే; పరీక్షలో ఆ జ్వరానికి అయిదు మార్కులు వేసిన వ్యవస్థ, ముప్ఫై ఏళ్ళ తరువాత అదే కారణం రాసిన ఉపాధ్యాయుడిని నమ్మకపోవడం ఒక రకంగా తన బోధనను తానే గుర్తుంచుకోవడం.

గుమాస్తాకు జ్వరమొస్తే ఫైలు బీరువాలో ఆగుతుంది, ఉపాధ్యాయుడికొస్తే నాలుగో తరగతి ఆగదు. ప్రధానోపాధ్యాయుడు ఆ ఉదయం సర్దుబాటు పట్టిక తీసి, ఎవరికి లీజర్ పీరియడ్, అంటే పాఠం లేని గంట, ఉందో వెతికి వారి పేరు ఎర్ర సిరాతో రాస్తాడు. ఆ గంటలో నోటుపుస్తకాలు దిద్దుకుందామనుకున్నవారు అరవై మందిని కూర్చోబెట్టి ఎక్కాలు వల్లె వేయించవలసి వస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన సెలవుకు ఖర్చు పెట్టేది తోటి ఉపాధ్యాయుడన్నమాట, అందుకే మంచి ఉపాధ్యాయులు నూటొక్క డిగ్రీ జ్వరంతోనూ బడికి వస్తారు, వచ్చి దాన్ని పిల్లలకు పంచుతారు. ఏకోపాధ్యాయ పాఠశాలలో, అంటే అన్ని తరగతులకూ ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో, ఆ సర్దుబాటు కూడా కుదరదు. మండల విద్యాధికారికి ఫోను చేస్తే పక్క ఊరి బడి నుంచి ఒకరిని పంపుతారు, అప్పుడు పక్క ఊరి బడి కుంటుపడుతుంది.

పిల్లలకు జబ్బు పంచడం మాట అటుంచి, వారి దగ్గర నుంచి తెచ్చుకోవడం ఇంకా తేలిక. 2023 వర్షాకాలంలో కళ్ళకలక రెండు రాష్ట్రాల్లోనూ బడులను చుట్టేసినప్పుడు ఈ సంగతి అందరికీ కనిపించింది. ఆటలమ్మ మరీ మాయలాడి: పొక్కులు పైకి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అంటుకున్నాక బయటపడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, కనుక పిల్లవాడిని ఇంటికి పంపేసరికే చేయవలసిన పని చేసేసి ఉంటుంది, వాడు వేపాకు స్నానం చేసి బడికి తిరిగొచ్చాక కొద్ది రోజులకు టీచరమ్మ పడకేస్తుంది.

ఇన్ని జబ్బుల్లోనూ ఎవరూ జబ్బుగా ఒప్పుకోనిది గొంతు. మాట్లాడేటప్పుడు గొంతులోని స్వరతంత్రులు, అంటే ఊపిరి తగిలి కంపించే రెండు మెత్తని మడతలు, మగవారిలో సెకనుకు వంద పైచిలుకు సార్లు, ఆడవారిలో దాదాపు రెండు వందల సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. రేకుల కప్పు మీద వాన దడదడలాడుతుండగా, పక్క తరగతి అరుపులను మించి వినిపించాలని గొంతు పెంచినకొద్దీ ఆ తాకిడి గట్టిపడి, చివరికి మడతల అంచున చిన్న కాయల వంటివి కడతాయి. ఇవి గాయకులకూ వస్తాయి, ఉపాధ్యాయులకూ వస్తాయి, మగవారికన్నా ఆడవారికి ఎక్కువగా వస్తాయి. గాయకుడి గొంతు బొంగురుపోతే కచేరీ వాయిదా పడుతుంది, పత్రికల్లో వార్త వస్తుంది, అభిమానులు మొక్కుకుంటారు. టీచరు గొంతు పోతే పిల్లలు నవ్వుతారు, తోటివారు మిరియాల పాలు తాగమంటారు, బడి మామూలుగా నడుస్తుంది. ప్రధాన చికిత్స గొంతుకు విశ్రాంతి, సరిగా పలికే శిక్షణ. అయితే గొంతు తప్ప ఒళ్ళంతా కులాసాగా ఉన్న మనిషి, నడుస్తూ, తింటూ, నవ్వుతూ ఉన్న మనిషి, మౌనం కోసం వారం సెలవు కావాలని ఏ ముఖంతో అడగగలదు? అందుకని గుసగుసగా మాట్లాడి నెట్టుకొస్తారు, గుసగుస కూడా ఆ తంత్రులకు మంచిది కాదని స్వరవైద్యులు చెబుతారు.

మహిళా ఉపాధ్యాయుల విషయంలో దీనికి మరొక ముడి పడింది. స్వరతంత్రులు తడిగా ఉండాలంటే నీళ్ళు తాగుతూ ఉండాలి, కాని మరుగుదొడ్డి లేని, ఉన్నా తాళం వేసి ఉన్న, తాళం లేకున్నా నీళ్ళు రాని బడుల్లో పనిచేసినవారు ఉదయం నుంచి సాయంత్రం దాకా నీళ్ళు మానుకోవడం అలవాటు చేసుకున్నారు; గొంతెండడంతో మొదలై మూత్రకోశపు జబ్బులతో ఆ అలవాటు ముదురుతుంది. నాడు-నేడు, మన ఊరు-మన బడి వంటి పథకాలతో చాలాచోట్ల గదులూ మరుగుదొడ్లూ మెరుగుపడ్డాయి, అది ఒప్పుకోవలసిందే, అయితే అలవాట్లు భవనాలంత తొందరగా మారవు.

గొంతు ప్రస్తావనలో కరక్కాయను విడిచిపెట్టడం కృతఘ్నత. ఒకప్పుడు మైకు లేకుండా తెల్లవార్లూ రాగం తీసిన పద్యనాటకాల నటులూ, హరిదాసులూ, చాక్‌పీసు పొడి పీల్చే బడిపంతుళ్ళూ ఒకే వైద్యాన్ని నమ్ముకున్నారు: పగలగొట్టిన కరక్కాయ పెచ్చును బుగ్గన పెట్టుకుని, ఆ వగరును కొంచెం కొంచెంగా మింగడం. మొదట నోరంతా పిడచగట్టినట్టవుతుంది, కాసేపటికి లాలాజలం ఊరి అడుగున తీపి తేలుతుంది. గొంతు తడవడానికి ఆ ఊట చాలునేమో. కరక్కాయ దొరకనివారు అతిమధురం వేరు నమిలారు, అదీ లేనివారు ఉప్పునీళ్ళు పుక్కిలించారు. నేటి టీచర్ల సంచిలో ఆ చోటును రంగు కాగితాల్లో చుట్టిన దగ్గు బిళ్ళలు ఆక్రమించాయి. అవి కరక్కాయ కన్నా రుచిగా ఉంటాయి, అంతకు మించి వాటి గురించి చెప్పుకోదగింది లేదు.

ఇంతదాకా చెప్పిన సి.ఎల్.లూ, అర్ధవేతనాలూ, కమ్యుటేషన్లూ ప్రభుత్వ, స్థానిక సంస్థల బడుల ఉపాధ్యాయులవి. వీరితో సమానంగా అరిచే, వీరికన్నా తక్కువ జీతానికి ఎక్కువ పీరియడ్లు చెప్పే ప్రైవేటు బడుల ఉపాధ్యాయుల స్థితి కరోనా కాలంలో కొద్దిగా వెలుగులోకి వచ్చింది. బడులు మూతపడి జీతాలు ఆగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించవలసి వచ్చింది. బడులు తెరిచాక ఆ సంగతి మళ్ళీ మరుగున పడింది. 1933 నిబంధనలు వారికి వర్తించవు. చాలా బడుల్లో వారి జ్వరానికి నిబంధన ఒక్కటే, రాని రోజుకు జీతం కోత.