తేలని కేసుల మజా

విక్టోరియా రాణి కాలం నాటి హత్యల పుస్తకాలంటే నాకిష్టం. తేలకుండా మిగిలిపోయినవైతే మరీను. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ ఆఖర్న చిక్కుముడులన్నీ విప్పేసేవాడు. హాయిగా ఉండేది గానీ, పుస్తకం మూశాక ఆలోచించడానికేం మిగిలేది కాదు. తేలని కేసు అలా వదలదు. రుషికొండ ఆఫీసులో రోజంతా బగ్గులకి కారణాలు వెతికి, గాజువాక బస్సెక్కి మళ్ళీ అదే పని మొదలెడతాను. కాన్వెంట్ జంక్షన్లో పోర్టు లారీల వెనక బస్సు ఆగిపోయినా పట్టదు.

నాకు బాగా నచ్చింది 1876 నాటి చార్ల్స్ బ్రావో కేసు. లండన్ శివారు బాలమ్‌లో, పెళ్ళై ఐదు నెలలైనా నిండని లాయరు, యాంటిమొనీ విషంతో మూడు రోజులు నరకం చూసి చనిపోయాడు. ఇచ్చిందెవరు? డబ్బున్న భార్య ఫ్లారెన్సా, ఆమెకి తోడుగా ఉండే జేన్ కాక్సా, పాత ప్రేమికుడు డాక్టర్ గల్లీయా, ఉద్యోగం పోయిన బండివాడా? లేక తనే మింగాడా? జేమ్స్ రడిక్ రాసిన 'డెత్ ఎట్ ది ప్రయొరీ' చదువుతూ నేను మనసు మార్చుకోని అధ్యాయం లేదు. ఆ ఊగిసలాటే మజా.

ఇది హత్యేనని, ఎవరి మీదా మోపడానికి ఆధారాల్లేవని తేల్చింది జ్యూరీ. ఆ విచారణలో ఎక్కువ నలిగింది ఫ్లారెన్స్. గల్లీతో సంబంధం గురించి అందరి ముందూ గుచ్చి గుచ్చి అడిగారు, పేపర్లు అచ్చేసుకున్నాయి. రెండేళ్ళకే తాగుడుతో పోయింది.

మరి మన దగ్గరి కేసులో ఈ మజా ఎందుకు రాదు? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో శిక్షపడ్డ యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. 2019లో సమాధి తవ్వి మళ్ళీ పరీక్షలు చేశారు. నవలకి కావాల్సిన మలుపులన్నీ ఉన్నాయి. కానీ 'ఎవరు చేసుంటారు?' అని టీ తాగుతూ పందెం కాయలేను. అప్పుడు నేనూ కాలేజీ హాస్టల్లోనే ఉన్నాను. ఆ అమ్మ టీవీల్లో ఏళ్ళ తరబడి న్యాయం అడుగుతుంటే చూశాం. బాలమ్‌లో అలా అడిగేవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టే అది నాకు పజిల్ అయింది.

ఆ దూరాన్ని చెరిపేసిన పుస్తకం హాలీ రూబెన్‌హోల్డ్ 'ది ఫైవ్' (2019). 1888లో జాక్ ది రిప్పర్ చంపాడనే ఐదుగురు ఆడవాళ్ళ జీవితాలివి. హంతకుడెవరన్న ఊసే ఉండదు. పాలీ నికల్స్ ప్రింటింగ్ పనివాడి భార్య. ఎలిజబెత్ స్ట్రైడ్ స్వీడన్ నుంచి వచ్చింది. ఐదుగురూ వేశ్యలేనన్న మాటకి ముగ్గురి విషయంలో ఆధారమే లేదంటుంది రచయిత్రి. రికార్డులు లేనిచోట ఊహలు కాస్త ఎక్కువే వాడింది, అది నాకు నచ్చలేదు. అయినా ఇన్నాళ్ళూ పోస్టుమార్టం రిపోర్టుల్లోనే కనిపించినవాళ్ళు ఇందులో అద్దె కట్టలేక, పిల్లలకి దూరమై, గిన్నెలు తాకట్టు పెట్టుకుంటూ బతికిన మనుషులుగా కనిపిస్తారు.

ఇలాంటి పుస్తకాలు మానలేదు, మానను కూడా. రెండూ చదవాలనుకుంటే ముందు రడిక్, తర్వాత 'ది ఫైవ్'. వరస మారిస్తే బ్రావో ఇంట్లో మజా సగం తగ్గుతుంది, ఫ్లారెన్స్ మాత్రం ఇంకాస్త బాగా అర్థమవుతుంది. రెండోసారి నేను అలాగే చదివాను.