తొట్లకొండ

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు బోవు సముద్రతీరపు బాటలో తొట్లకొండ యున్నది. నీరు నిలుపుటకై రాతిలో దొలిచిన తొట్లనుబట్టి యా పేరు వచ్చినది. రెండువేల యేండ్లక్రిందట బౌద్ధభిక్షువు లిచట వసించిరి. 1988–1993 నడుమ జరిగిన త్రవ్వకములలో వారి గదుల పునాదులు, స్తూపములు బయల్పడినవి.

2022వ సంవత్సరమున మా తోడికోడలిని వెంటబెట్టుకొని యచ్చటికి బోయితిమి. ముందటి యేట వచ్చిన కోవిడు జ్వరము తగ్గినను ఆమెకు మతి కుదుటబడలేదు. పొయ్యిమీది పాలు మరచును; మాట నడుమ పదము దొరకక కంట నీరు పెట్టుకొనును. ఇట్టి బాధ నెలల తరబడి నిలువవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లోనే తెల్పినది. దీనిని సోమరితనమని యెంచరాదు.

పాతగదుల చెంత, కడలిగాలిలో, ఆమె కూర్చుండి యూపిరి రాకపోకలను గమనించెను. మనసు జారినపుడెల్ల మెల్లగా మరల్చుకొనెను. పదినిమిషములకే లేవదీసితిమి, ఇట్టివారికి మితిమీరిన శ్రమ హానికరము. ధ్యానమువలన నీ రుగ్మత నయమగునని వైద్యశాస్త్ర మింకను నిర్ధారింపలేదు. కావున వైద్యుని విడువరాదు. అయినను "నాకు మతిపోయినది" యను భయము ఆమెకు నాడు కొంత తగ్గినది. మనసు జారుట దోషము కాదు, మరల్చుకొనుటయే సాధన.

సోదరీమణులారా! మీ యింట నట్టివా రున్నచో గద్దింపకుడు. ప్రతిదినము కొంతసేపు పనినుండి విడిపించి, నెమ్మదిగా గూర్చుండనిండు. కొండకు బోదలచినవారు ఎండ ముదురకముందే పోవుట మేలు.