తూటాల లెక్కపుస్తకము

పాతబస్తీలో వేటకథలకు కొదువ లేదు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను (1866–1911) ముప్పదికి పైగా పులులను కూల్చెనని ప్రతీతి. 'తీస్‌మార్‌ఖాన్' అను మాట ఆయనను బట్టియే పుట్టినదని మా వీధిలో చెప్పుకొందురు. అది నేడు ప్రగల్భములు పలుకువాని బిరుదైనది. 1902లో కర్జను ప్రభువు ఈ రాజ్యమునకు వచ్చి వేటాడినప్పుడు రాజా దీన్‌దయాళు తీసిన ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. చచ్చిన పులి, చెంత దొరవారు. ఆ గురి కుదురుటకు ముందు ఎన్ని గుండ్లు తప్పిపోయినవో ఏ చిత్రమును చెప్పదు.

ఆ సంగతిని చెప్పు పుస్తకమొకటి నాకు కనబడినది. శాలిబండలో మా యింటికి నాలుగిండ్ల యవతలనున్న వృద్ధులొకరు తమ తండ్రిగారి యింగ్లీషు వ్రాతను చదివిపెట్టుమని నన్ను పిలిపించిరి. రైఫిలు ఎన్నడో ఠాణాకు అప్పగింపబడినది. మిగిలినవి ఒక కొయ్యపెట్టె, అందులో ఖాళీ ఇత్తడి తొడుగులు, కంసాలివారి చిన్న త్రాసు, అట్ట ఊడిన నోటుపుస్తకము. "మాస్టర్ సాబ్, ఎన్ని పులులో చూడండి" అనిరి. పులి ఊసే లేదు. ఉన్నవన్నియు అంకెలు.

అది .315 కొలత రైఫిలు. సైన్యపు తూటాలు పౌరుల తుపాకులలో పనికిరాకుండవలెనని నాటి ప్రభుత్వము .303 కొలతను మనకు దూరముంచినది, 1907లో.450 కొలతను గూడ నిషేధించినది. అందుచే ఈ .315 మన దేశపు వేటకాండ్ర చేతికి వచ్చినది. సీమ తూటాలు ఖరీదైనవి కాగా, ఈ పెద్దమనిషి కాలిన తొడుగులనే మరల నింపుకొనసాగిరి. మందు మండినప్పుడు ఇత్తడి తొడుగు ఉబ్బి, గొట్టపు మొదటి అరను అంటుకొని, ఆవిరిని వెనుకకు రానీయదు. పిమ్మట కొంచెము ముడుచుకొని ఊడివచ్చును. సరిచేసినచో మరల పనికివచ్చును. నింపు విధమును నేనిచట బోధింపబోను. అనుమతి లేక తూటాలు చేయుట 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము నేరము.

నన్ను ఆకర్షించినది ఆయన లెక్క. మందును గ్రెయినులలో తూచిరి. పౌనుకు 7000 గ్రెయినులు. మన గురిగింజ యెత్తులో ఒక గ్రెయిను ఇంచుమించు సగము. ఒకనాడు మందు మాత్రమే మార్చిరి. మరియొకనాడు గుండును కూర్చు లోతు మాత్రమే. రెండును ఒక్కసారి మార్చిన పుట లేదు. ప్రతి మార్పునకు ఐదేసి గుండ్లు కాల్చి, కాగితముపై పడిన రంధ్రములను చుక్కలుగా ఎక్కించుకొనిరి. నాలుగు చుక్కలు ఒకచోట గుమిగూడి ఐదవది ఎడముగా పడినప్పుడును దానిని కొట్టివేయలేదు. ఒక్క బాలునికి ప్రథమశ్రేణి రాగా వాని బొమ్మను గోడకెక్కించి, తప్పిన నలువదిమందిని మరచు బడులను నేనెరుగుదును. ఈ పుటలు అట్టి బడులలో వ్రేలాడదీయదగినవి.

ప్రతిదినపు లెక్క ప్రక్కను నాటి యెండ వేడిమియు వ్రాయబడియున్నది. మొదట ఇది చాదస్తమనుకొంటిని గాని, కార్డైటువంటి మందు వేడికి వడిగా మండి లోపలి ఒత్తిడిని పెంచును. అందుకే బ్రిటిషు తయారీదారులు ఉష్ణదేశములకై మందు తగ్గించిన తూటాలను వేరుగా చేసిరి. జనవరిలో కుదిరిన కొలతను మే నెలలో నమ్మరాదు.

ఒక పుటలో మాత్రము చుక్కలు లేవు. "దుప్పి. కడుపున తగిలినది. దొరకలేదు." అంతే. తరువాత రెండునెలలు కాగితముపై కాల్చుటయే గాని అడవిమాట లేదు. శబ్దమును బట్టి బాణము వేసి మునికుమారుని చంపిన దశరథుని కథను ఏటేట పిల్లలకు చెప్పుచుందును. ఈ మూడు మాటలు దానికంటె నన్నెక్కువ కలచినవి. గాయపడి తప్పించుకొన్న మృగము దుఃఖము దానితోనే తీరదు. 1907లో జిమ్ కార్బెట్టు చంపిన చంపావతు ఆడపులి 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్క. దాని కుడివైపు కోరలు వెనుకటి తుపాకిదెబ్బకే విరిగియుండెను.

అట్లని చక్కని గురి హింసను పుణ్యముగా మార్చునని నేనొప్పుకొనను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటకు అడ్డుకట్ట వేయుట మేలే. కాని ఆ శ్రద్ధ వేటతో చావనక్కరలేదు. నేటి గాలితుపాకి క్రీడాకారులును తమ గొట్టమునకు ఏ గుళ్లు ఒప్పునో కట్టకట్టగా కాల్చి పరీక్షించుకొనుచున్నారు.

వృద్ధుల మనుమనికి పులిచర్మముపై కాలుపెట్టిన తాతగారి బొమ్మయే కావలెనట. ఇత్తడిని తూకమునకు వేయుదమనియు అనుచున్నాడు. వేయనిండని నేనంటిని. నోటుపుస్తకమును మాత్రము నెలరోజులకు ఎరువు తెచ్చుకొంటిని. తొమ్మిదవ తరగతి పిల్లలిప్పుడు సరాసరి లెక్కలను ఆ చుక్కలపై చేయుచున్నారు. ఐదవ చుక్కను ఏమి చేయవలెనని వారిలో వారికి ఇంకను తగవు తెగలేదు.