కవల కార్లు

కారు కొనడం మా వంశంలో లేదు. మా తాత ఎడ్లబండితో సరిపెట్టుకున్నాడు. మా నాన్న సైకిలుతోనే కాలం వెళ్ళబుచ్చాడు. నేను మోటారు సైకిలు దాకా వచ్చి, ఇక చాలులే అనుకున్నాను. మా అడవులదీవిలో కాలవ గట్ల మీదా, రొయ్యల చెరువుల మీదా తిరగడానికి అంతకు మించిన వాహనం ఎందుకు?

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మరునాడు ఉదయం మా అమ్మ పెరట్లో తడిగచ్చు మీద జారిపడింది. తుంటి విరిగింది. విరిగిపడ్డ కొమ్మల్ని తప్పించుకుంటూ ఆటోలో రేపల్లెకీ, అక్కణ్ణించి తెనాలికీ తీసుకుపోయాం. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా అమ్మ అరవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెనాలి చేరేసరికి నా మణికట్టు మీద ఆవిడ గోళ్ళ గుర్తులు దిగి ఉన్నాయి.

కీలు మార్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒక మాట చెప్పారు. "పల్లపు పీటల మీద కూర్చోబెట్టకండి. మోకాలు తుంటికంటె పైకి రాకూడదు." ఆ ఒక్క మాటతో చిన్న కార్లన్నీ లెక్కలోంచి పోయాయి. అయిదుగురు పట్టే ఎత్తుబండి కావాలి. మరి డబ్బో? దానికీ అమ్మే దారి చూపింది.

"మీ నాన్న పేర మిగిలిన అరెకరం అమ్మెయ్యరా అబ్బాయ్. నేల మీద నడవలేనిదానికి నేలెందుకు?"

అని అటు తిరిగి పడుకుంది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. పొలం అమ్మి కొనే కారు, తప్పు కారు అయితే ఎట్లా? పొలం మళ్ళీ వస్తుందా?

ఎత్తు బండ్లు బజారులో కొల్లలుగా ఉన్నాయి. కాని మా ఇంట్లో వినబడినవి రెండే పేర్లు: హ్యుందయ్ వారి క్రెటా, కియా వారి సెల్టోస్. గుంటూరులో ఉన్న మా తోడల్లుడిది క్రెటా. విజయవాడలో ఉన్న మా బావమరిదిది సెల్టోస్. నేను ఏది కొంటే రెండోవాడికి కోపం. మా ఆవిడకు చెల్లెలి మాట ఎంతో, తమ్ముడి మాటా అంతే గనక, ఆవిడ ఎటూ తేల్చలేదు.

"బావా, సెల్టోస్ మన రాష్ట్రపు బండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారవుతుంది. చెన్నపట్నం పక్కన చేసిన బండి ఎందుకు తేవాలి?" అన్నాడు బావమరిది.

"పెనుకొండ ఏమన్నా ఆయన మేనమామ ఊరా, అన్నయ్యా? క్రెటా వచ్చింది 2015లో. సెల్టోస్ వచ్చింది 2019లో. అన్న ఉండగా తమ్ముడికి పెళ్ళి చేస్తామా?" అన్నాడు తోడల్లుడు.

వాళ్ళ తగువులో నాకు పనికివచ్చిన మాట ఆ "అన్నదమ్ములు" అన్నదే. నిజంగానే అవి అన్నదమ్ములు. దివాలా తీసిన కియాను 1998లో హ్యుందయ్ చేజిక్కించుకున్నది. అప్పటినుంచీ ఇంజనూ, గేరుపెట్టే, అడుగుచట్రమూ ఒక వంటింటివి. వడ్డించే విస్తళ్ళు రెండు. ఒక బండి రూపుకట్టడానికి అయ్యే ఖర్చులో పెద్దపాలు ఈ లోపలి సరుకుకే. దాన్ని రెండు పేర్ల మీద పంచితే కంపెనీకి గిట్టుతుంది.

ఇది కొత్త తెలివేమీ కాదు. ఇంగ్లండులో 1959లో చిన్న మినీ కారు పుట్టినప్పుడే ఒకే బండిని ఆస్టిన్ పేరుతో ఒకటి, మోరిస్ పేరుతో ఒకటి అమ్మారు. ఇవాళ మన దేశంలో మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ అటువంటి జంటే. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగూన్ ఇంకో జంట.

2024 వేసవిలో మా అబ్బాయి లెక్కల పుస్తకం ఒకటి తీసుకుని, మధ్యన గీత గీసి, అటు ఒకదాన్నీ ఇటు ఒకదాన్నీ రాయడం మొదలుపెట్టాను. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ దూరం: రెంటికీ 2,610 మిల్లీమీటర్లే. ఇంజన్లు: రెంటిలోనూ అవే మూడు. పెట్రోలు, టర్బో పెట్రోలు, డీజిలు, మూడూ ఒకటిన్నర లీటరువే. పొడుగు: సెల్టోస్ 4,365, క్రెటా 4,330. తేడా మా అమ్మ బొటనవేలంత. ధర: సెల్టోస్ కొత్తరూపం 2023 జూలైలో 10 లక్షల 90 వేల నుంచి మొదలైంది. క్రెటా కొత్తరూపం 2024 జనవరిలో 11 లక్షల నుంచి. గోడకు గుద్ది చేసే పరీక్షలో కూడా, పెద్దల రక్షణ మటుకు చూస్తే, ఇద్దరికీ నక్షత్రాలు సమానమే. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు సెల్టోస్‌కు 2020లోనూ, క్రెటాకు 2022లోనూ పెద్దల రక్షణకు మూడేసి నక్షత్రాలు ఇచ్చారు. ఆ పరీక్షించినవి రెండేసి గాలిసంచుల పాత బండ్లు. నేను చూస్తున్న వాటిలో కిందిరకానికీ ఆరేసి ఉన్నాయి.

నాలుగు పేజీలు నిండాయి గాని తేడా దొరకలేదు. డీజిలు మాట మాత్రం తేలిపోయింది. ఈ కాలపు డీజిలు బండికి పొగలోని మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. అప్పుడప్పుడు దూరం, వేగంగా నడిపితేనే ఆ మసి కాలిపోతుంది. ఊళ్ళో తిరిగే బండిలో పూడుకుపోతుంది. మాది నెలకోసారి తెనాలి, మిగతా రోజుల్లో సంత. అంచేత పెట్రోలే మేలనుకున్నాను.

చివరకు షోరూము వారిని బండి ఇంటికి పంపమన్నాను. మేలురకమే పంపారు. పైకప్పుకు అద్దం, ముందర రెండు తెరలు, పెద్ద పెద్ద చక్రాలు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. కుర్రవాడు జాతీయ రహదారి మీదికి పోదామన్నాడు. నేను కాలవ గట్టు మీదికి పోనిమ్మన్నాను. అమ్మా నేనూ వెనక కూర్చున్నాం. మొదటి గుంట రాగానే అమ్మ చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. మూడో గుంటకు గోళ్ళు దిగాయి.

"బానే ఉందిరా," అన్నది అమ్మ. నా మణికట్టు మాత్రం వేరే మాట చెప్పింది.

రెండు రోజుల తరవాత అదే కంపెనీది, మధ్యరకం బండి తెప్పించాను. అదే గట్టు, అవే గుంటలు. అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. ఆ చేత్తోనే కిటికీలోంచి చూపిస్తూ, "అదుగో, మీ నాన్న ఈత నేర్చుకున్న రేవు," అన్నది.

అప్పుడు నా బుర్రకు తట్టింది. మధ్యరకానికి 16 అంగుళాల చక్రాలు. మేలురకాల్లో ఒకరికి 17, ఇంకొకరికి 18 దాకా ఉన్నాయి. ఇనపచక్రం పెరిగేకొద్దీ దాని చుట్టూ ఉండే టైరు పలచబడుతుంది. 16 అంగుళాల దానికి టైరు గోడ ఎత్తు 133 మిల్లీమీటర్లు, 18 అంగుళాల దానికి 118. గుంటను మింగేది ఆ గాలిదిండే గదా! చూపుకు పెద్ద చక్రం గొప్పే గాని, గతుకులో చిన్నచక్రమే చుట్టం.

ఇన్నాళ్ళూ నేను అన్నకూ తమ్ముడికీ తేడా వెతికాను. తేడా అక్కడ లేదు. ఒకే ఇంట్లో పై మెట్టుకూ కింది మెట్టుకూ నడుమ ఉంది. ఒకే మెట్టు మీద నిలబెడితే అన్నదమ్ములిద్దరూ ఒకటే. రెండు కంపెనీల వారి మధ్యరకానికీ టైర్ల కొలత కూడా ఒకటే. కొనదలచినవారు ముందు తమ దారి చూసుకుని మెట్టు ఎంచుకోవాలి. ఆ తరవాత పేరు ఏదైనా పరవాలేదు.

ఇక పేరు ఎంచే పని చాలా తేలిక అయింది. అమ్మను మళ్ళీ డాక్టరుగారికి చూపించే రోజు దగ్గరపడింది. రెంటిలో ఏది ముందు చేతికి వస్తుందని అడిగాను. సెల్టోస్ అన్నారు. మధ్యరకం, పెట్రోలు, తెల్లది. మిగిలిన డబ్బు అమ్మ పేర బ్యాంకులో వేశాను. మా ఊరి ఉప్పుగాలికి అడుగు తుప్పుపట్టకుండా వారానికోసారి మంచినీళ్ళతో కడుగుతున్నాను.

ఈ అంకెలన్నీ 2024 నాటివి. బండ్ల రూపాలు మారుతూనే ఉంటాయి. మా కాలవ గట్టు మాత్రం మారలేదు.

2025 సంక్రాంతికి తోడల్లుడు వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపల కూర్చుని, "మాదానిలాగే ఉందే!" అన్నాడు కాస్త నొచ్చుకుంటూ. బావమరిది మీసం దువ్వుకున్నాడు.

మా అమ్మకు మాత్రం ఆ పేరూ నోరు తిరగదు, ఈ పేరూ నోరు తిరగదు. ఆవిడ తనకు తెలిసిన పేరే పెట్టుకుంది. పొద్దున్నే కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి కేకేస్తుంది:

"ఒరేయ్ అబ్బాయ్, అరెకరం బయటికి తియ్యరా. రేపల్లె పోయొద్దాం."