దౌడు మానిన గుర్రాలు

లెక్సింగ్టన్, కెంటకీ
అక్టోబరు 7, 2023

అన్నయ్యకి,

అమ్మాయి ఇంటికి క్షేమంగా చేరాను. ఆవకాయ చుక్క కారకుండా వచ్చిందని వదినకి చెప్పు.

ఊరు దాటితే చాలు, ఎటు చూసినా నల్లరంగు వేసిన చెక్క కంచెలు, వాటి వెనక గుర్రాలు. ఇవాళ కీన్‌ల్యాండ్ రేస్‌కోర్సుకి వెళ్లాం. 1936లో మొదలైంది. 1997 దాకా ఇక్కడ మైకులో రేసు వినిపించేవాళ్లే లేరట. మన హైదరాబాదు మలక్‌పేట రేసుల్లో నువ్వు పెట్టే కేకలు అప్పట్లో ఇక్కడ బాగా పనికొచ్చేవి!

నువ్వు డబ్బులు పోగొట్టుకున్న గుర్రాలన్నీ తరవాత ఏమయ్యాయో ఎప్పుడైనా అడిగావా? రెండేళ్ల వయసులో పరుగుకి దింపుతారు. చాలావాటికి ఐదారేళ్లు వచ్చేసరికి రేసుల పని అయిపోతుంది. పాతికేళ్లు బతకగల జంతువు. ఆడగుర్రాల్ని ఈనడానికి ఉంచుకుంటారు, పేరున్న కొద్ది మగవాటిని సంతానం కోసం స్టడ్‌కి పంపుతారు. వట్టలు తీసేసిన మగగుర్రానికి, అంటే గెల్డింగ్‌కి, ఆ దారీ లేదు. మన దగ్గర కొన్ని రైడింగ్ స్కూళ్లకి చేరతాయి కదా, ఇక్కడ అలాంటివాటికి దూకడం నేర్పేవాళ్లున్నారు. ఎల్లుండి అలాంటి చోటికే వెళ్తున్నాం.

—

వర్సేల్స్, కెంటకీ
అక్టోబరు 10

అన్నయ్యా,

నిన్నటి నుంచి ఓ చిన్న గుర్రాల ఫారంలో ఉన్నాం. అమ్మాయి స్నేహితురాలిది. ఆవిడ తీసుకున్న గుర్రం ఐదేళ్ల గెల్డింగ్, ముదురు గోధుమరంగు, నల్ల జూలు. వసంతంలో రేసులు మాన్పించాక కొన్ని నెలలు పచ్చికలో వదిలేశారు. దాణా తగ్గించి ఎండుగడ్డి పెంచారు. రేసు గుర్రాలకి కడుపులో పుండ్లు మామూలేనట, దానికీ మందు వాడారు. ముందుకాళ్ల కీళ్లకి ఎక్స్‌రే తీయించి, స్నాయువులు తడిమి చూసి, డాక్టరు సరేనన్నాకే జీను వేశారు. కొన్నింటి కాళ్లు పరుగుల్లోనే పాడైపోయి ఉంటాయి, వాటిని దూకించకూడదు.

దూకడం నేర్పడమంటే గుర్రాన్ని ఎగిరించడమే అనుకున్నాను. ఇక్కడ చూస్తే, ఎగరడానికి దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నిదానంగా ఉండటమే నేర్పాలి. అసలు నిలబడటం దగ్గరే చిక్కు. రేసులో జాకీని నడుస్తున్న గుర్రం మీదికి ఎత్తి కూర్చోబెడతారు. మనిషి పీట మీంచి ఎక్కుతుంటే కదలకుండా ఉండాలని దానికి ఎవరు చెప్పారు? జాకీ మోకాళ్లు మడిచి పైనే ఉంటాడు కాబట్టి పిక్కలు పక్కటెముకలకి తగలడం దానికి కొత్త. ఇక పగ్గం లాగితే ఆగాలి అనుకుంటాం మనం. అది మాత్రం కళ్ళేన్ని ఊతంగా పట్టుకుని ఇంకా జోరు పెంచుతుంది. పరుగులో జాకీ, గుర్రం ఒకరి మీద ఒకరు అలాగే ఆనుకుంటారు. పైగా అమెరికాలో రేసులు దాదాపు అన్నీ ఎడమవైపుకే తిరుగుతాయి. కుడికి తిప్పబోతే ఒళ్లంతా బిగదీసుకుంటుంది.

నిన్న పొద్దున నేల మీద ఓ దుంగ పరిచారు, అంతే. గుర్రం దాని ముందు ఆగింది. ముక్కుపుటాలు దుంగకి తగిలించి వాసన చూసి, ఫుర్రుమంది. రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఉన్నట్టుండి మూడడుగుల గోడ మీంచి దూకినట్టు ఎగిరి అవతల పడింది! అంత కుదుపులోనూ ఆవిడ పగ్గం వదులుగానే ఉంచి, గుప్పెడు జూలు పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు కళ్ళెం నోట్లో గుంజిందంటే, దూకడమంటే నొప్పని దాని మనసులో నాటుకుపోతుందట.

తరవాత నాలుగు దుంగలు, నాలుగున్నర అడుగుల ఎడంతో. ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, వాటి మీంచి పోతుంటే తల దించి కాళ్ల దగ్గర చూసుకుంటూ నడిచింది. ఇవాళ రెండు కర్రల్ని ఎక్స్ ఆకారంలో అమర్చారు. నడిమి ఎత్తు అడుగున్నర. దానికి తొమ్మిది అడుగుల ముందు నేల మీద ఒక దుంగ. ఆ దుంగ దాటిందంటే ఎక్కడ ఎగరాలో గుర్రమే తేల్చుకుంటుంది. కంచె మొదట్లోనూ మరో కర్ర పడేస్తారు. గుర్రానికి సరిగ్గా ముక్కు కింద ఏముందో కనబడదు, ఎగిరే క్షణానికి కంచే చూపులోంచి జారిపోతుంది. అందుకే దూరం ముందే అంచనా కట్టుకునేలా కింద గీత ఉండాలి, తల పైకెత్తి చూసుకునే స్వేచ్ఛా ఉండాలి.

ఎగిరింది బాగానే. దిగగానే రేసు మొదలైందనుకుంది! చెవులు వెనక్కి వాల్చి దౌడు అందుకుంది. నా గుండె గొంతులోకి వచ్చింది. ఆవిడ లాగలేదు, కేకలూ వేయలేదు. పెద్ద గుండ్రంగా తిప్పుతూ, మెల్లగా వలయం చిన్నది చేస్తూ నడకలోకి దించింది. రెండోసారి దిగే చోట కూడా ఓ దుంగ పెట్టించింది. దాన్ని చూసుకోవాల్సి వచ్చి గుర్రం నెమ్మదించింది. మూడోసారి మామూలుగా దూకగానే మెడ తట్టి దిగిపోయింది. అంతా కలిపి ఇరవై నిమిషాలు లేదు. బాగా చేసిన చోటే ఆపాలట. మన స్కూలు మాస్టార్లకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండేది.

—

జార్జ్‌టౌన్, కెంటకీ
అక్టోబరు 15

అన్నయ్యా,

నిన్నంతా కెంటకీ హార్స్ పార్క్‌లో గడిచింది. రేసులు మానిన థరోబ్రెడ్ జాతి గుర్రాలకి ఏటా ఇక్కడ పోటీ పెడతారు. ఒకటి కాదు, పది రకాల విద్యల్లో. కొత్త శిక్షణ మొదలుపెట్టి పట్టుమని ఏడాది కాని గుర్రాలే వస్తాయి. చక్కగా ఆగి, చక్కగా తిరిగి, కర్ర తగలకుండా దాటినవి కొన్నైతే, పళ్లు బిగించి కంచెల మీదికి ఉరికినవీ ఉన్నాయి. పోటీ తేదీ గుర్రానికి తెలియదు కదా. ఫారం ఆవిడ తన గుర్రాన్ని తీసుకురాలేదు, వచ్చే ఏడు చూద్దామంది. నాకు ఆవిడ మాటే నచ్చింది.

అక్కడ ఒకాయన టచ్ ఆఫ్ క్లాస్ కథ చెప్పాడు. రేసుల్లో పేరు తెచ్చుకోలేకపోయిన ఆడగుర్రం, ఆకారమూ చిన్నదే. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జో ఫార్గిస్ దాని మీద రెండు స్వర్ణాలు గెలిచాడు. ఎదురైన 91 కంచెల్లో 90 శుభ్రంగా దాటిందట. రేస్‌కోర్సులో దాని మీద నువ్వు పందెం కాసి ఉండేవాడివే, మళ్లీ పోగొట్టుకునేవాడివే!

ఇవాళ ఈ ఊళ్లో ఓల్డ్ ఫ్రెండ్స్ అనే చోట సిల్వర్ చార్మ్‌ని చూశాం. 1997 కెంటకీ డెర్బీ విజేత. జపాన్‌లో స్టడ్‌గా ఉండి 2014లో ఇక్కడికి చేరింది. ముసలితనంతో తెల్లబడింది. క్యారెట్ ఇస్తే తీసుకుంది, ఫొటో తీయబోతే మొహం తిప్పుకుంది. దీన్నెవరూ ఏమీ దూకించరు.

రేపు మళ్లీ ఫారంకే. గుర్రానికి మొదటిసారి నిలువు కంచె పెడతారట, రెండడుగులే. కర్రలు సర్దే పని నాకిచ్చింది. అడుగులు కొలవడానికి టేపు అక్కర్లేదట, మనిషి నాలుగు పెద్ద అంగలు వేస్తే కాంటర్ అనే మెల్లని దౌడులో గుర్రానికి ఒక అంగ. నా అంగ చిన్నది కాబట్టి ఐదు వేయమంది.

నీ చెల్లెలు