పలుచని గాలి

చదువుకునే రోజులలో మూడేళ్ళు కళాశాల జట్టుకు ఆఫ్‌స్పిన్ వేసినవాణ్ణి. అందుచేత, బంతి తిరగకపోవడమనే దుఃఖం నాకు ఒకరు చెప్పగా తెలిసినది కాదు. డెన్వర్ నగరంలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు 2025 వేసవిలో ఆ ఊరి బేస్‌బాల్ జట్టు కొలరాడో రాకీస్ కష్టాలను ఫోనులో వర్ణిస్తూ ఉంటే, క్రికెట్ తప్ప మరొక ఆట ఎరుగని నేను సైతం చెవి యొగ్గి విన్నాను.

డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి కూర్స్ ఫీల్డ్ మైదానంలో సరిగా ఆ ఎత్తున ఉండే కుర్చీల వరుసకు ఊదారంగు వేశారట. గాలి పలుచన. పిచ్చర్ విసరిన బంతి వంపు తిరగాలంటే గాలియే ఆధారం. అది సన్నగిల్లితే వేళ్ళ నేర్పు చాలవరకు వృథా. పైగా బ్యాటుకు తగిలిన బంతి మరింత దూరం పోతుంది. 2000 చివర మైక్ హాంప్టన్ అనే పేరుగన్న పిచ్చర్‌ను ఎనిమిదేళ్ళకు 12 కోట్ల 10 లక్షల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు, రెండేళ్ళకే సాగనంపారు. ఎండిపోయి గట్టిపడుతున్న బంతులను 2002 నుంచి తేమగదిలో నిలువచేశారు. కొంత గుణం కనిపించింది.

"పాపం, ఆ నేలే అటువంటిది" అన్నాను.

ఈ మాట నాకు అలవాటే. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులు తెలుగు పరీక్షలో తప్పినప్పుడెల్లా అధ్యాపకుల గదిలో నేనిచ్చే సంజాయిషీ ఇదే: ఇంట్లో తెలుగు గాలి సోకదు, ఏమి చేయగలం?

తమ్ముడు ఊరుకోలేదు. "భాయిజాన్, ఎదుటి జట్టువాడు కూడా ఆ గాలిలోనే వేస్తాడు కదా! 162 ఆటలలో 81 బయటి ఊళ్ళలోనే. అక్కడెందుకు ఓడుతున్నట్టు?" అన్నాడు. డెన్వర్‌లోనే పుట్టిన కైల్ ఫ్రీలాండ్ 2018లో 17 ఆటలు గెలిచాడు. తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున ఇచ్చినవి 2.85 పరుగులు, అందులోనూ బయటికంటె సొంత మైదానంలోనే తక్కువ! జట్టు ఆ ఏడు ప్లేఆఫ్స్ చేరింది. ఆపైన 2025 వరకు ఆ ముఖం చూడలేదు. పిచ్చర్లు కరవై ఉండగా 2022లో క్రిస్ బ్రయంట్ అనే బ్యాటర్‌కు ఏడేళ్ళకు 18 కోట్ల 20 లక్షల డాలర్లు రాసిచ్చారు. గాయాలతో అతడు ఆడినది స్వల్పం. 2023లో 103 ఓటములు, 2024లో 101, 2025లో 119. ఆ సంవత్సరం మే 10న 21-0తో ఓడి, మరునాడు మేనేజర్‌ను తొలగించారు. అదే ఫ్రీలాండ్ ఖాతాలో ఆ ఏడు 17 ఓటములు చేరాయి. గాలి మారలేదు మరి.

ఫోను పెట్టేశాక మా రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె గుర్తుకు వచ్చింది. ఆమె ఇంటి భాషా ఉర్దూయే. తెలుగులో ఎన్నడూ మొదటి శ్రేణి తప్పలేదు. మరునాడు పిలిచి, తెలుగు ఎలా పట్టుబడిందని అడిగాను.

"మా దాదీకి రోజూ తెలుగు పేపరు చదివి ఉర్దూలో అర్థం చెబుతాను, సార్. ఎనిమిదవ తరగతి నుంచీ."

రెండేళ్ళుగా నా ఎదుటి బల్లమీదనే కూర్చుంటున్నది ఆ అమ్మాయి.